ఎర్రపూసల దండ పగడమా, గాజా? బెజ్జం దగ్గర చూడండి

మీ అమ్మమ్మగారి ఎర్రపూసల దండ పగడమో గాజో ప్లాస్టిక్కో తేలాలంటే సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరో చెప్పారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. పాతకాలపు పూసల్లో సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌వి కూడా ఉంటాయి. వాటికి వేడి తగిలితే భగ్గున అంటుకుంటాయి.

మాది విజయనగరం. మా నాయనమ్మ ఏటా పైడితల్లి సిరిమానోత్సవానికి వేసుకునే ఎర్రదండ ఆవిడ పోయాక నా దగ్గరకు వచ్చింది. పగడమైతే నిమ్మరసానికి పొంగుతుందన్న మాట నమ్మి ఒక పూస మీద చుక్క వేశాను. సన్నని బుడగలు వచ్చాయి. పగడం అంటే కాల్షియం కార్బొనేటే కదా, పులుపుకు కరుగుతుంది. ఆ పూస మెరుపు పోయి తెల్లటి మచ్చ పడింది. ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. పోనీ పరీక్షైనా గట్టిదా అంటే, రంగు వేసిన గవ్వ కూడా అలాగే పొంగుతుంది!

ఆ తర్వాత కొన్నాళ్లకు దారం తెగింది. పూసలు గుచ్చే ఆవిడ దగ్గరకు తీసుకెళ్తే, ఒక్కో పూసనూ ఎండకు ఎత్తి బెజ్జంలోకి చూసి ఏడింటిని పక్కన పెట్టింది. "ఇవి గాజువి, ఎప్పుడో మధ్యలో కలిపారు" అంది. పాత దండల్లో ఇది మామూలే. అందుకే ఒక్క పూసను చూసి దండ మొత్తం మీద తీర్పు చెప్పకూడదు.

ఇంటికి వచ్చి భూతద్దంతో చూశాను. గాజుపూస బెజ్జం అంచున చిన్న పెచ్చు లేచింది. ఆ గుంట గోటి ఆకారపు వంపుతో, తడిగా ఉన్నట్టు నిగనిగలాడుతోంది. లోపల బుడగలు బెజ్జం వెంబడి పొడవుగా సాగి ఉన్నాయి. గాజును గొట్టంలా లాగి ముక్కలు కోసిన పూసల్లో ఇలా ఉంటుంది. తిరుపతి వైపు పాపానాయుడుపేటలో పూసలు చేసే పద్ధతి ఇదే. కరిగిన గాజును కమ్మీకి చుట్టి చేసిన పూసలో అయితే గీతలు బెజ్జం చుట్టూ తిరుగుతాయి. పగడం మీద మాత్రం కర్రచారల వంటి సన్నని గీతలు కనిపించాయి. బెజ్జం అంచు మెరవలేదు.

బరువు చూసి పగడాన్నీ గాజునూ వేరు చేయలేరు, రెండూ నీటికి సుమారు రెండున్నర రెట్లు బరువు. ప్లాస్టిక్ మాత్రం తేలికగా, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి: కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, కార్బాలిక్ సబ్బు వాసన వస్తే బేకలైట్ అనే మరో పాతరకం ప్లాస్టిక్. రంగు బెజ్జం చుట్టూ, పగుళ్లలో చిక్కగా పేరుకుందంటే అద్దకం అని అనుమానించాలి.

దారం కోయనవసరం లేదు. రెండు పూసలను కాస్త ఎడంగా జరిపితే బెజ్జం కనిపిస్తుంది. పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, తప్పకుండా చూస్తాను.