ఆ ‘అండి’ ఎక్కడ ఆగింది?

అమలాపురం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ నాటికని ఈ సీజన్‌కి మన నాటక సమాజం వాళ్లు తీసుకున్నారని తెలిసి ఎంత సంతోషించానో. సంక్రాంతికి ‘వరవిక్రయం’, మాఘంలో నీది, ఆ తర్వాత ఇంకో నాటిక. సార్వా ధాన్యం, అదే వానాకాలం పంట, ఇళ్లకు చేరాక మనవైపు జనం స్థిమితంగా నాటకానికి కూర్చుంటారు కాబట్టి నీకు మంచి సమయమే దొరికింది.

స్క్రిప్టు రెండుసార్లు చదివాను. తుపానుకి చేను పడిపోయినా ఒప్పుకున్న బస్తాలు కొలవాల్సిన కౌలు రైతు ఒకడు. ఆ బస్తాల మీదే కూతురి కాలేజీ ఫీజు పెట్టుకున్న పొలం ఆసామి ఒకాయన. ఇద్దరిలో ఎవరినీ దుర్మార్గుణ్ణి చెయ్యలేదు నువ్వు. అది చాలామందికి చాతకాని పని. నా బెంగంతా మాటల గురించే.

నీ రైతు ప్రతి మాటకీ ‘ఆయ్’ అంటున్నాడు. నేనూ అలాగే రాశాను ఒకప్పుడు. పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో నా నాటిక పడింది. పంట మునిగిందని తెలిసే సీను. పాత్రధారి ప్రాణం పెట్టి చేస్తున్నాడు, జనం మాత్రం నవ్వుతున్నారు. నాటిక అయ్యాక ఒక పెద్దాయన తెర వెనక్కి వచ్చి, ‘కొంప మునిగినోడు ఆయ్ అంటాడా అండీ?’ అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఊరి మాటే రాశాను కదా అనుకున్నాను. ఆ మాట ఎప్పుడు నోట్లోంచి రాదో మాత్రం వినలేదు.

గోదావరి యాస అంటే ‘ఆయ్’ కాదమ్మా. నన్నడిగితే ‘అండి’లో ఉంది అసలు నాటకం. ఎవరు ఎవరిని అండి అంటారు, ఎన్నిసార్లంటారు, ఎక్కడ మింగేస్తారు, అది చూడు. మనవాళ్లకి కోపం వస్తే మర్యాద తగ్గదు, ముందు పెరుగుతుంది. ‘తమరు పెద్దోరండి, తమరేం చేసినా చెల్లుద్దండి’ అన్నాడంటే గొడవ మొదలైనట్టే. ఆ తర్వాత ఒక్కసారి ‘అండి’ రాలేదనుకో, అరుగు మీద కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూస్తారు.

నీ చివరి సీనులో రైతు అరపేజీ ఉపన్యాసం ఇస్తున్నాడు. వ్యవస్థ గురించి నువ్వు రాసినవన్నీ నిజాలే, కానీ అవి నీ మాటలు. అతను అంతవరకూ ‘కొలుచుకోండి బాబూ’ అంటూ వచ్చిన మనిషి. అక్కడ ‘కాటా తెచ్చి కొలుచుకో’ అని ఊరుకుంటే? ఆ ఒక్క మాటతో వాళ్లిద్దరి మధ్య ఇరవై ఏళ్లు తెగిపోతాయి. ఆలోచించు.

జనం మాట్లాడే మాటతో నాటకం రాయడం ఇవాళ్టి సంగతి కాదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. ప్లీడర్ల అవినీతి మీద నాటకం, వాడుక మాటల్లో రాసినది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన నాటకం అలా పక్కింటి మాటతో మొదలైంది. తర్వాత అదే రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారి నాటక సమాజం కోసం నాటకాలు రాశారు. ఆ సమాజంలోనే టంగుటూరి ప్రకాశం గారు వేషాలు వేశారు. ఎవరు ఆడతారో తెలిసి రాయడంలో చిన్నతనం ఏమీ లేదు.

అందుకే రిహార్సల్స్‌కి రా. నీ నాటిక వంతు వచ్చేదాకా ఆగకు, ‘వరవిక్రయం’ రిహార్సల్స్‌కే రా. వరకట్నం మీద కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన ఆ నాటకంలో కట్నాశ పిసినారి లింగరాజు, నోరు విప్పగానే ఎలాంటివాడో తెలిసిపోతాడు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇప్పటికీ ఆ నాటకం పడితే ముందు వరసలో కొందరు తల దించుకోవడం నేను చూశాను.

మన నటులు పగలంతా ఉద్యోగాలు చేసి రాత్రి ఎనిమిదికి వస్తారు. నీ నాటికలో రైతు భార్య వేషానికి వేరే ఊరి నుంచి నటి వస్తున్నారు. ఆవిడ నాలుగైదు సమాజాలకు చేస్తారు, మనకి మూడు నాలుగు రిహార్సల్స్ మించి దొరకరు. ఆవిడ వచ్చేలోగా మార్పులన్నీ అయిపోవాలి. వచ్చాక ఒక్క అక్షరం మార్చకు. ఊపిరి అందని పొడుగు వాక్యాలుంటే ఇప్పుడే విరగ్గొట్టు. ఒక్కో వాక్యం గట్టిగా చదివి చూసుకో, చాలు.

రంగాలంకరణ సంగతి దర్శకుడికి వదిలెయ్. నాటక పరిషత్తు పోటీల్లో బహుమతి వస్తుందా రాదా అన్న ఆలోచన కూడా ఇప్పుడొద్దు.

ఆదివారం సాయంత్రం రిహార్సల్ ఉంది. లింగరాజు వేషం వేసే ఆయనకి గొంతు పట్టేసింది, మీ పిన్ని మిరియాల కషాయం కాచి ఫ్లాస్కులో పోసిస్తానంది. నువ్వు రెండు కాపీలు, ఒక పెన్సిలు పట్టుకురా. చివరి సీను నువ్వే చదువు, నేను కళ్లు మూసుకుని వింటాను.

ఉంటాను,
మీ బాబాయ్