తద్దినం తిథికే పెట్టండి, తేదీకి కాదు

మీ ప్రశ్న: "నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం తిథి ప్రకారమే చేయాలా? అందరం ఉద్యోగాల్లో ఉన్నాం కాబట్టి ఇంగ్లీషు తేదీకి చేసుకుంటే తప్పా?" నా జవాబు ఒక్కటే. తిథికే చేయండి. సెలవు దొరక్కపోతే జీతం కోయించుకుని అయినా ఆ రోజుకే వెళ్ళండి. ఎందుకంత గట్టిగా చెప్తున్నానో మా ఇంట్లో జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

మాది కందుకూరు దగ్గర పల్లె. నా చదువు సర్టిఫికెట్లన్నిటిలో ప్రకాశం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకే మార్చారు. 2022లోనే మా నాయన పోయారు. ఆగస్టు 14, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్ళయిందని ఆ మూడు రోజులు ఇంటింటికీ జెండా కట్టమన్నారు కదా, మా ఇంటి ముందు కూడా నాయనే నిచ్చెన వేసుకుని కట్టారు. మరుసటి రోజు పొద్దున పాడె లేచేటప్పటికి వీధి పొడుగునా జెండాలు ఎగురుతున్నాయి. ఆ తేదీ నేను ఈ జన్మలో మర్చిపోలేను. అయినా తద్దినం మాత్రం ఆ తేదీకి పెట్టం.

ఆ రోజు శ్రావణ బహుళ తదియ. రాత్రి పదిన్నర దాకా తదియే ఉంది. అది దాటాక ప్రాణం పోయి ఉంటే చవితి అయ్యేది. ఏ ఘడియలో ఊపిరి ఆగిందో ఆ ఘడియకు నడుస్తున్న తిథే ఆ మనిషి తిథి. మా పంతులు గారు అమ్మను మొదట అడిగింది కూడా అదే: "ఎన్ని గంటలకమ్మా?" మీరు కూడా ముందు ఆ టైము రాసి పెట్టుకోండి. నాలుగేళ్ళు పోతే ఒకరు సాయంత్రం అంటారు, ఒకరు రాత్రి అంటారు.

మొదటి ఏడాదే మాకు చిక్కు వచ్చింది. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. 2023 ఆగస్టు 14కి మూడు నెలల ముందే సెలవు పెట్టాడు. మరుసటి రోజు ఎట్లాగూ సెలవే కాబట్టి వాడికి కుదిరింది. అమ్మ ఒప్పుకోలేదు. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది, జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా. సూర్యుడు జులై 17న కర్కాటకంలోకి వచ్చాడు, మళ్ళీ ఆగస్టు 17న కదా సింహంలోకి వెళ్ళాడు. మధ్యలో ఒక చాంద్రమాసం మొత్తం సంక్రమణం (సూర్యుడు రాశి మారడం) లేకుండా గడిచిపోయింది. అట్లాంటి నెలనే అధికమాసం అంటారు. ఏటి తద్దినం దాని తర్వాత వచ్చే నిజమాసంలో పెట్టాలని మా పంతులు గారు చెప్పారు. నిజ శ్రావణ బహుళ తదియ సెప్టెంబరు 2న వచ్చింది. అంటే తేదీకి, తిథికి పంతొమ్మిది రోజుల తేడా. నెలనెలా పెట్టే మాసికాలు కూడా ఆ ఏడు పన్నెండు కాదు, పదమూడు పెట్టించారు.

తమ్ముడు ఫోన్లో గట్టిగానే వాదించాడు. "ఏ రోజైతే ఏందమ్మా, మనసులో ఉండాలి గానీ" అన్నాడు. అప్పుడు అమ్మ అన్న మాట నేను ఎక్కడా చదవలేదు, ఏ ప్రవచనంలోనూ వినలేదు.

"మీ నాయన పోయిన రాత్రి నేను వాకిట్లో కూర్చోనుండానురా. ఎనిమిదిన్నర, తొమ్మిదప్పుడు వేపచెట్టు పక్కన చంద్రుడొచ్చాడు. ఒక అంచు కొంచెం అరిగినట్టుండాడు. ఆ చంద్రుడు మళ్ళీ వచ్చిన రోజే నాకు ఏడాది అయినట్టు. మీరు చెప్పే పద్నాలుగో తేదీ రాత్రికి అసలు చంద్రుడే ఉండడు."

నిజమే. 2023 ఆగస్టు 14 అంటే అమావాస్యకు రెండు రోజుల ముందు. రాత్రంతా చీకటే. తమ్ముడు మారు మాట్లాడలేదు, సెలవు మార్చుకున్నాడు. సెప్టెంబరు 2 శనివారం పడింది. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారని మా వైపు వాళ్ళందరికీ తెలుసు. నాయన కాళ్ళు ఆడినన్నాళ్ళూ శనివారం మాలకొండ మానలేదు. "ఆయన రోజే చూసుకుని వచ్చాడు" అంది అమ్మ.

తిథి అంటే చంద్రుడు సూర్యుణ్ణి దాటి పన్నెండు డిగ్రీలు ముందుకు పోవడానికి పట్టే సమయం. చంద్రుడి నడక ఒక్కోనాడు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక తిథి పంతొమ్మిది గంటలకే అయిపోవచ్చు, ఇరవై ఆరు గంటలు సాగొచ్చు. అధికమాసాన్ని చాలామంది ఎగతాళిగా మాట్లాడతారు గానీ అది లేకపోతే మన గతేమిటో నెల్లూరులోనే చూడొచ్చు. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే, పదకొండు రోజులు తక్కువ. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది. ముస్లింల నెలల లెక్కలో అధికమాసం లేదు. అందుకే 2009లో డిసెంబరు చివర చలిలో వచ్చిన పండుగ 2023లో జులై చివరికి వచ్చింది. అది వాళ్ళ పద్ధతి, వాళ్ళకు అదే సరి. మనకు మాత్రం శ్రావణం వానాకాలంలోనే రావాలి. తిథికి పెట్టే తద్దినంలో చంద్రుడూ అదే, కాలమూ అదే. తేదీకి ఆ రెండూ కలిసి రావు. నా దృష్టిలో ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది పోయినేటి సంగతి. 2025లో తప్పు నేను చేశాను.

నేను ఒంగోలులో ఉంటాను. మా వంటగదిలో వేలాడే క్యాలెండర్లో ఆగస్టు 12 మంగళవారం గడిలో "బ. తదియ" అని ఉంది. ఆ రోజుకే సెలవు పెట్టాను, తమ్ముడికి కూడా అదే చెప్పాను. వాడు సోమవారం రాత్రి బస్సుకు టికెట్ తీశాడు. ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"గారెలకు మినుములు ఎన్ని నానబెట్టమంటావు? పిల్లలు కూడా వస్తున్నారా?"

"ఇప్పుడే ఎందుకమ్మా, ఎల్లుండి కదా."

కాసేపు అటువైపు నుంచి మాట లేదు.

"ఏందిరా నువ్వనేది. రేపు మధ్యాహ్నానికి తదియ. ఎల్లుండి మీరు ఎసరు పెట్టేలోపే చవితి వచ్చేస్తది. చవితి నాడు ఎవరికి పెడతావు?"

టెన్షన్‌తో పంచాంగం తీసి చూశాను. తదియ 11వ తేదీ ఉదయం 10:33కి మొదలై 12వ తేదీ ఉదయం 8:40కి అయిపోతోంది. క్యాలెండర్ గడిలో రాసేది సూర్యోదయానికి ఉన్న తిథి. అందుకే 12న తదియ అని వేశారు. అది అచ్చు తప్పు కాదు. కానీ తద్దినానికి చూడాల్సింది సూర్యోదయం కాదు, అపరాహ్ణం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. ఆగస్టులో మా వైపు సుమారుగా ఒకటిన్నర నుంచి నాలుగు దాకా. ఆ వేళకు తిథి ఏ రోజు ఉంటే ఆ రోజే పెట్టాలి. పండుగల్లో గొడవలు కూడా దీనితోనే వస్తాయి. వినాయక చవితికి మధ్యాహ్నం చూడాలి, దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. 2024 దీపావళికి అక్టోబరు 31 అని కొందరు, నవంబరు 1 అని కొందరు కొట్టుకున్నారు. మనమేమో గడిలో ఒక్క ముక్క చూసి టికెట్లు తీస్తాం.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. తిడతాడేమో అనుకున్నాను. "సరే అన్నా, ఈ రాత్రికే బయల్దేరతా" అని పెట్టేశాడు. సూటిగా వచ్చే బస్సులో సీట్లు లేవు. నెల్లూరు దాకా దొరికితే ఎక్కాడు. తెల్లవారుజామున నెల్లూరులో దిగి, ఒంగోలు బస్సు పట్టుకుని సింగరాయకొండలో దిగాడు. నేను బైకు మీద వెళ్ళి తీసుకొచ్చాను. ఎనిమిదిన్నరకు ఇంటికి చేరాం.

అమ్మ అప్పటికే తలస్నానం చేసి రుబ్బు పని చూస్తోంది. ఉల్లి, వెల్లుల్లి లేని వంట. అరటికాయ కూర, పెసరపప్పు, గారెలు, పరమాన్నం. ఉప్పు కూడా నాలిక మీద వేసుకుని చూడనివ్వదు. నాకు పంచె కావాలంటే "నాయన బీరువాలో ఉంది, తీసుకో" అంది.

పాత చెక్క బీరువా అది. ఎడమ తలుపు లోపలి వైపు నాయన నీలం పెన్నుతో రాసుకున్న వరసలు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే, ఆ రోజు నిలబడి చదివాను. "నాయన – కార్తీక శుద్ధ షష్ఠి. అమ్మ – మాఘ బహుళ అష్టమి. పెద్దన్న – చైత్ర శుద్ధ దశమి." ఒక్కదాని పక్కన కూడా తేదీ లేదు, సంవత్సరం లేదు. పై వరసల సిరా వెలిసిపోయి ఊదారంగుకు తిరిగింది. అట్టడుగున అమ్మ చేతిరాత. అమ్మ ఐదో తరగతితో ఆపేసింది, అక్షరాలు విడివిడిగా, పెద్దవిగా రాస్తుంది. "ఆయన – శ్రావణ బహుళ తదియ." పేరు రాయలేదు. ఆ పదం మీద పెన్ను రెండుసార్లు దిద్దినట్టుంది, చెక్కలోకి గాటు పడింది. తమ్ముణ్ణి పిలిచి చూపించాను. వాడు ఆ గాటు మీద వేలు పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

పంతులు గారు ఒకటిన్నరకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కండువా కుడి భుజం మీదికి మార్పించి, దర్భ ఉంగరం తొడిగి, బొటనవేలి పక్క నుంచి నువ్వులు, నీళ్ళు వదిలించారు. నాయన పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ముత్తాత పేరు తమ్ముడికి గుర్తు రాకపోతే వంటింట్లోంచి అమ్మ అందించింది. అన్నీ అయ్యి మేము ఆకుల ముందు కూర్చునేసరికి మూడున్నర. ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు.

ఇక్కడొక బాధ చెప్పుకోవాలి. ఊళ్ళలో పెద్దవాళ్ళు ఉన్నచోట ఇంకా పద్ధతి ఉంది గానీ టౌన్లలో తద్దినాలు పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగిస్తున్నారు. పురోహితుడికి అదే రోజు ఇంకో నాలుగిళ్ళు, మనకు పదింటికి ఆఫీసు. ఆ 11వ తేదీ ఎనిమిదింటికి పెట్టి ఉంటే అప్పటికి తదియ రానే లేదు, విదియలో పెట్టినట్టయ్యేది. డబ్బు తీసుకునే ఆయన్ను అడగండి, "అపరాహ్ణానికి రాగలరా" అని. రాలేనంటే వచ్చే ఇంకొకరిని వెతుక్కోండి. ఫోన్లో పంచాంగం యాప్ చూసేవాళ్ళు అందులో ఊరు ఏది పెట్టి ఉందో కూడా చూసుకోండి. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది, దానితో పాటు గడిలో రాసే తిథీ మారొచ్చు. మా బంధువుల్లో ఒకాయన విదేశంలో ఉన్న కొడుకు పంపిన స్క్రీన్‌షాట్ చూసుకుని రోజంతా తికమకపడ్డారు. ఇంకొకటి, పురోహితుడికి స్వయంపాకం (వండని బియ్యం, పప్పు) ఇచ్చేటప్పుడు పురుగు పట్టిన బియ్యం, ముక్కిన పప్పు ప్యాకెట్లు కట్టి ఇచ్చేవాళ్ళను కళ్ళారా చూశాను. మీ నాన్నగారు తినే బియ్యమే ఇవ్వండి.

తేదీని వదిలేయమని నేను అనడం లేదు. ఆగస్టు 14న మేము ఫొటోకు దండ వేస్తాం, ఊళ్ళో బడిపిల్లలకు నోటు పుస్తకాలు ఇస్తాం. దానికి తేదీ చాలు. ఎవరి తిథైనా అసలు తెలియకపోతే భాద్రపదం చివర వచ్చే మహాలయ అమావాస్య ఉంది, ఆ రోజు పెట్టొచ్చు. మీకైతే తేదీ, టైము, ఊరు తెలుసు కాబట్టి ఆనాటి పంచాంగం తీయిస్తే పది నిమిషాల పని. ఈ 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది. మీ నాన్నగారిది జ్యేష్ఠ మాసమైతే తొందరపడి టికెట్లు తీయకండి, మీ పురోహితుణ్ణి అడిగి నిజ జ్యేష్ఠం చూసుకోండి.

మాకు ఈ ఏడు కూడా పోయినేటి లాగే పడింది. సూర్యోదయానికి తదియ ఉండేది ఆగస్టు 31న, అపరాహ్ణానికి ఉండేది 30న, ఆదివారం. ఈసారి నాకంటే ముందు తమ్ముడే పంచాంగం చూసి ఫోన్ చేశాడు. శనివారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకుంటానన్నాడు, సింగరాయకొండకు బైకు తెమ్మన్నాడు.