ఉప్పు తక్కువైనా ‘వియర్డ్’ అనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి కూరలో ఉప్పు తక్కువైనా ‘వియర్డ్’, సినిమా నచ్చకపోయినా ‘వియర్డ్’. అదే మాట నేను ఆఫీసులో ఒకాయనతో సరదాగా ‘యూ ఆర్ వియర్డ్’ అంటే ముఖం మాడ్చుకున్నారు. వింత అనేగా అర్థం?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వింతేనండీ, కానీ కాస్త తేడా కొట్టే వింత. స్ట్రేంజ్ అంటే మనకు అలవాటు లేనిది, కొత్తగా అనిపించేది, అంతవరకే. వియర్డ్‌లో ‘ఇదేంటి ఇలా ఉంది’ అనే చిన్న ఇబ్బంది కూడా కలిసి ఉంటుంది, అందుకే పొంతన లేని కల వచ్చినా, ఫ్రిజ్ తీయగానే ఎక్కడిదో తెలియని వాసన కొట్టినా ఆ మాట చక్కగా అతుకుతుంది. మనిషిని పట్టుకుని అంటే మాత్రం ‘నువ్వదో టైపు’ అన్నట్టే. దగ్గరి స్నేహితుల మధ్య చెల్లుతుంది గానీ ఆఫీసులో ఆయన నొచ్చుకోవడంలో తప్పేం లేదు. ఉప్పు తక్కువైన కూరకైతే ‘చప్పగా ఉంది’ చాలు, పాపం ఇంగ్లిష్ దాకా ఎందుకు!

అన్నట్టు, దీని మూలమే అసలు వింత. పాత ఇంగ్లిష్‌లో ‘విర్డ్’ అంటే తలరాత. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’లో జోస్యం చెప్పే ముగ్గురు మంత్రగత్తెలు ‘వియర్డ్ సిస్టర్స్’ అయింది అందుకే, విచిత్రంగా ఉన్నారని కాదు. ఇప్పటి అర్థం 19వ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చింది.

స్పెల్లింగులో ‘ఈ’ ముందు, ‘ఐ’ తర్వాత. ‘ఐ బిఫోర్ ఈ’ అని బళ్లో బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, నాతో సహా.