వందో ఈక దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

'అసాసిన్స్ క్రీడ్ 2' వీడియో గేమ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదవడం మొదలుపెట్టి మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను: "మొదటి భాగంలోని లోపాలన్నింటినీ రెండో భాగం సరిదిద్దింది." ఏ లోపాలు? చివరిదాకా వెతికినా ఒక్కదాని పేరూ కనిపించలేదు. 2007 నాటి ఆటను నువ్వు ఆడలేదని, ఆడినవాళ్ల మాటలు విని రాశావని నా అనుమానం. తప్పైతే మన్నించు.

చేర్పు వేరు, దిద్దుబాటు వేరు. నువ్వు ఏకరువు పెట్టిన కొత్త ఆయుధాలు, దుకాణాలు, లియొనార్డో డావిన్చి ఎగిరే యంత్రం అన్నీ చేర్పులే. పాత ఆటలో చేసిన పనినే కొత్త ఆటలో చేసినప్పుడు వేరే ఫలితం వస్తే అది దిద్దుబాటు. దాన్ని గుర్తుపట్టాలంటే పాత ఆట ఎక్కడ విసిగించిందో వేళ్లకు జ్ఞాపకం ఉండాలి.

మొదటి ఆటలో ఏకర్ అనే నగరపు రేవు ఉంది. మనం చంపాల్సిన సిబ్రాండ్ ఓడలో దాక్కుంటాడు, అతణ్ని చేరాలంటే పడవల మీదుగా, నీళ్లలో పాతిన కొయ్యల మీదుగా గెంతుకుంటూ పోవాలి. గోడలను బల్లిలా ఎగబాకే ఆ ఆట హీరో, హంతకుడు అల్తాయిర్‌కు ఈత రాదు, కాలు జారితే అంతే సంగతులు. ఒక్క రాత్రిలో ఏడుసార్లు మునిగి, ఆ కోపంతో అరపేజీ రాసి పంపితే, "పాఠకుడికి నీ మునకలెందుకు, పదికి ఎన్ని మార్కులో చెప్పు" అని సంపాదకుడు దాన్ని కొట్టేసి, ఆ జాగాలో పెద్ద అంకె అచ్చువేశాడు. 2009లో రెండో భాగం రాగానే, వెనిస్ చేరాక నేను చేసిన మొదటి పని కాలువలోకి దూకడం. కొత్త హీరో ఎట్సియో ఈదాడు! పహరావాళ్లు తరిమితే నీటి అడుగున నక్కి తప్పించుకోవచ్చు కూడా. చంపిన నీరే దాచే నీరయింది. ఆ సంతోషమంతా రాస్తే, ఈత కొట్టినందుకు ఇంత సంబరమేమిటని పాఠకులు అడిగారు. వాళ్ల తప్పేముంది? ఏకర్ పేరా వాళ్లకు అందనేలేదు కదా. మార్కులు అడిగే సంపాదకులను నేటికీ క్షమించలేదు.

ఇక నీ వ్యాసంలో నన్ను కదిలించిన వాక్యం ఒకటుంది. "వందో ఈక పెట్టెలో వేశాక కాసేపు గేమ్‌ప్యాడ్ పక్కన పెట్టేశాను" అని రాసి, వెంటనే గ్రాఫిక్స్ సంగతిలోకి వెళ్లిపోయావు. ఎందుకు వెళ్లావు? మొదటి ఆటలో 420 జెండాలున్నాయి; అన్నీ ఏరినా అల్తాయిర్‌కు ఒరిగేదేమీ లేదు. రెండో ఆటలోనూ ఏరే పనే. కానీ జబ్బుపడ్డ తమ్ముడు పెట్రూచో కోసం ఎట్సియో మొదట్లోనే కప్పులెక్కి ఈకలు తెస్తాడు. ఆ పిల్లవాణ్ని తండ్రితో, అన్నతో కలిపి ఉరితీశాక తల్లి మరియా నోట మాట పడిపోతుంది. తర్వాత దొరికిన ప్రతి ఈకా ఆమె గదిలోని పెట్టెకే చేరుతుంది, వంద నిండాకే ఆమె నోరు విప్పుతుంది. విసుగు పుట్టించిన పనిని తీసిపారేయకుండా దానికొక తల్లిని ఇచ్చారు. (వంద ఈకలకు బహుమతిగా వచ్చే పైవస్త్రం కప్పుకుంటే ఊరూరా కాపలావాళ్లు వెంటపడతారు, అది వేరే సంగతి.)

పోగొట్టుకున్నదాని గురించీ నువ్వు రాయలేదు. మొదటి ఆటలో ఏ పేటలో ఎవరిని వెతకాలో హంతకుల స్థావరంలోని పెద్దమనిషి నోటితో చెప్పేవాడు, మనం నగరాన్ని చూసుకుంటూ నడిచేవాళ్లం. రెండో ఆటలో నా కళ్లు మూలనున్న చిన్న మ్యాపును వదిలి పైకి లేవలేదు.

వ్యాసాన్ని ఇంకా ఎవరికీ పంపకు. పాత ఆట సంపాదించి ఏకర్ రేవులో నాలుగు మునకలు వెయ్యి, ఆ తర్వాత మరియా గది నుంచి మళ్లీ మొదలుపెట్టు. మార్కులు మాత్రం వెయ్యకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి