కువైట్‌కి రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడా?

ప్రశ్న: మా అమ్మాయి కువైట్‌లో ఇంటి పనికి ఉంటోంది. వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకి ఎక్కి, మధ్యాహ్నం 12:30కి అక్కడ దిగినట్టు టికెట్‌లో ఉంది. ఇప్పుడు సెలవుకి వస్తోంది. 14వ తేదీ రాత్రి 11:30కి బయల్దేరితే ఉదయం 6:30కి హైదరాబాద్‌లో దిగుతుందట. ఈ విమానం ఎక్కడైనా చుట్టు తిరిగి వస్తుందా? కారు ఏ రోజుకి మాట్లాడాలి?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: చుట్టు తిరగదమ్మా, టెన్షన్ పడకండి. ఎటు నుంచి ఎటు వచ్చినా హైదరాబాద్, కువైట్ మధ్య ఆకాశంలో దాదాపు 3,370 కిలోమీటర్లే. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. మీ లెక్క తేడా వచ్చింది అక్కడే.

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకి దగ్గర్లోనే పోతుంది. కువైట్ టైం 45 డిగ్రీల రేఖాంశానిది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 150 నిమిషాలు, అంటే వాళ్లు మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ రెండున్నర వెళ్లేటప్పటి ప్రయాణానికి కలపండి, వచ్చేటప్పటి దాంట్లోంచి తీసెయ్యండి. వెళ్లడానికి 5 గంటలు, రావడానికి నాలుగున్నర.

ఆ అరగంట తేడా గాలిది. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. గోదావరిలో లాంచీ మీద పాపికొండలకి వెళ్లేటప్పుడు ఏటికి ఎదురెక్కాలి, తిరిగొచ్చేటప్పుడు వాలున తొందరగా వచ్చేస్తాం కదా, అలాగన్నమాట.

మా పెద్దక్క కూడా చాలా ఏళ్లు కువైట్‌లో చేసింది. మా అమ్మ గోడ గడియారం పక్కనే ఇంకోటి కొని తగిలించి, రెండున్నర గంటలు వెనక్కి తిప్పి పెట్టింది. ఏది అక్క గడియారమో తెలియడానికి దాని అద్దం మీద కుంకుమ బొట్టు ఉండేది. అంత చేసినా, అక్క మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు టికెట్ మీద ఎక్కే తేదీనే దిగే తేదీ అనుకుని ఒకరోజు ముందే వెళ్లిపోయాం. కట్టుకెళ్లిన పులిహోర పాడైపోయింది. అమ్మ రాత్రంతా గేటు దగ్గర నిలబడే ఉంది. ఆవిడ కాళ్లు వాచిపోవడం నాకింకా గుర్తే.

అందుకే తేదీ మరోసారి చూసుకోండి. 6:30 పక్కన చిన్నగా ప్లస్ ఒకటి అని ఉంటుంది. అంటే మర్నాడు, 15వ తేదీ ఉదయం. రాజోలు నుంచి శంషాబాద్ 400 కిలోమీటర్ల పైమాటే, కారులో తొమ్మిది గంటలు వేసుకోండి. 14 రాత్రి ఎనిమిదిన్నరకి, భోజనాలయ్యాక బయల్దేరితే సరిపోతుంది. విమానం దిగాక ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యి బయటికి రావడానికి గంట పడుతుంది కాబట్టి డ్రైవర్‌ని తొందరపెట్టకండి. విమానం ఎక్కే ముందు అమ్మాయి ఫోన్ చేస్తుంది. అక్కడ ఇంకా 14 రాత్రి పదిన్నర, పదకొండు. మీకు ఒంటిగంట దాటి ఉంటుంది, అప్పటికి విజయవాడ దాటేసి ఉంటారు.