జివ్వుమంటోందని చెబితే చెప్పులేసుకోమనకు

అమ్మలూ,

పాత ఇల్లు కొన్నావని, పైభాగం అద్దెకిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా మేనకోడలు ఇంటి ఓనరైందని పొద్దంతా కనపడినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే మీ అమ్మ చివర్లో, "వైరింగ్ బాగానే ఉంది అన్నయ్యా, అన్ని లైట్లూ వెలుగుతున్నాయి" అంది. లైటు వెలగడానికి కరెంటు తెచ్చే ఫేజ్ వైరు, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరు ఉంటే చాలు. లీకైన కరెంటును భూమిలోకి పంపి మనిషిని కాపాడే ఎర్త్ వైరు ఉన్నా లేకపోయినా ఆ లైటు అలాగే వెలుగుతుంది.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. పగిలిన స్విచ్‌లు, సాకెట్లు మార్పించు. బాత్రూంలోకి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగనివ్వకు. తడి చేతుల సంగతి నీకు చిన్నప్పుడే వీపు మీద రెండేసి మరీ చెప్పాను.

ఇక అల్లుడి మాట. "ఎంసీబీలు కొత్తవే మావయ్యా, షాక్ కొడితే అవే పడిపోతాయి" అన్నాడు. నేను చెబితే ఏమనుకుంటాడో, నువ్వే నెమ్మదిగా చెప్పు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫ్ అయ్యే బోర్డు స్విచ్, అది పెట్టేది వైర్లు కాలకుండా. 16 ఆంపియర్ల ఎంసీబీకి అంతకు మించిన లోడో, షార్ట్ సర్క్యూటో తగిలితేనే కదలిక. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. షాక్ కొట్టినప్పుడు పడిపోయేది ఆర్‌సీసీబీ అని ఇంకో రకం స్విచ్. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ పోల్చి చూసుకుని, తేడా వస్తే లైను కట్ చేస్తుంది. మనుషుల కోసం పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. కొనేటప్పుడు దాని మీద ఆ అంకె చూడు. టెస్ట్ బటన్ కొన్ని నెలలకోసారి నొక్కు. పడిపోకపోతే అది ఉండీ లేనట్టే. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి మాత్రం అదీ కాపాడలేదు, దానికి ఆ మనిషీ ఒక బల్బులాగే కనిపిస్తాడు.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది పెట్టించే ఓనర్లను చాలామందిని చూశాను. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. పెద్ద ఎంసీబీ కిమ్మనకుండా కూర్చుంటుంది, గోడలో వైరు కాలుతుంది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నేను కరెంటు మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఇంటికి వెళ్ళాం. ఓనరు కింద, అద్దెవాళ్ళు పైన, అచ్చం నువ్వు అనుకుంటున్నట్టే. పైన వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందని అద్దెకున్నావిడ చాలాసార్లు చెప్పిందట. ఓనరు మంచివాడే, చెడ్డమాట అనేవాడు కాదు. "చెప్పులేసుకుని ఉతుక్కోమ్మా, పాత ఇళ్ళల్లో మామూలే" అన్నాడు. ఆవిడ చెప్పులేసుకుంది. ఒకరోజు తడిసిన చెప్పులతో, ఒక చేయి మెషిన్ మీద, ఇంకో చేయి కుళాయి మీద పెట్టింది. చేయి వదల్లేకపోయింది. మెయిన్ ఎక్కడుందో వాళ్ళబ్బాయికి తెలుసు గనక బతికింది. ఆ కుడిచేతి వేళ్ళు మాత్రం ఆ తర్వాత సరిగ్గా ముడుచుకోలేదు.

అందరూ మెషిన్ పాడైందనుకున్నారు. మేస్త్రీ సాకెట్ విప్పి నన్ను పిలిచి చూపించాడు. పై అంతస్తుకు ఎర్త్ వైరే వెయ్యలేదు. ఎర్త్ పిన్నులో ఏదో ఒకటి ఉండాలి కదా అని, పక్కనున్న న్యూట్రల్ నుంచి చిన్న ముక్క లాగి అందులో బిగించారు. అలా చేసినా మెషిన్ తిరుగుతుంది, టెస్టర్‌కు తేడా దొరకదు. కానీ కింద బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులవుతూ వచ్చింది, జివ్వుమనడం అదే. అది పూర్తిగా ఊడినరోజు ఫేజ్‌లో వచ్చిన కరెంటు మోటారు గుండా న్యూట్రల్‌లోకి, అక్కణ్ణుంచి ఆ ముక్క గుండా మెషిన్ బాడీకి ఎక్కింది. మెషిన్‌లో ఏ లోపమూ లేదు. ఓనరు మెట్ల మీద కూర్చుని, "ఇన్నేళ్ళూ ఏం కాలేదు కదయ్యా" అని అందరికీ అదే చెబుతున్నాడు.

అందుకే మూడు రంధ్రాలున్న సాకెట్ చూసి ఎర్త్ ఉందనుకోకు. ప్రతి సాకెట్టూ విప్పించు, ముందు పైభాగానివి, గీజర్‌దీ వాషింగ్ మెషిన్‌దీ అన్నిటికంటే ముందు. ఎర్త్ వైరు చివరికంటా పోయిందో లేదో మీటరు పెట్టి చూపించమను. వైరు తొడుగు ఎక్కడైనా దెబ్బతిని కరెంటు లీకవుతోందేమో, దాన్ని కొలిచే మెగ్గర్ అనే మీటరుతో కూడా చూడమను. విసుక్కుంటే ఇంకొకణ్ణి పిలువు. నీకు మొహమాటం ఎక్కువ, మీ అమ్మ పోలిక. పనివాడు నొచ్చుకుంటాడేమోనని చూస్తూ ఊరుకుంటావు. ఈ ఒక్కసారికి గయ్యాళివనిపించుకో తల్లీ, నా కోసం.

టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదనుకునేవాళ్ళూ ఉన్నారు. ఎండ వెలుగులో దానిలోని చిన్న నియాన్ దీపం కనపడదు, చెక్క స్టూలు మీద నిలబడితే సరిగ్గా వెలగదు. కరెంటు ఉందని తెలిసిన చోట ముందు పెట్టి చూశాకే దాన్ని నమ్మాలి. బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ఎవడైనా స్విచ్‌ను న్యూట్రల్ మీద బిగించి ఉంటే హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపినా కొన్ని లైన్లు బతికే ఉంటాయి. పైవాళ్ళకు ఈ ముక్క నువ్వే చెప్పు, వాళ్ళ మెయిన్ ఎక్కడుందో పిల్లలతో సహా చూపించు.

రంగులేయించకముందే ఇదంతా కానివ్వు. గోడలు మెరిశాక పగలగొట్టడానికి మీ ఇద్దరికీ మనసొప్పదు. పని మొదలయ్యే రోజు చెబితే వస్తాను. నిచ్చెన ఎక్కనులే, మీ అత్తయ్య ఒట్టు పెట్టించుకుంది. కింద కుర్చీ వేసుకుని అన్నీ విప్పించి చూస్తాను. ఈలోగా బోర్డు మూత తీయించి, ఏ ఎంసీబీ ఎంతదో కనపడేలా ఫోటో తీసి పంపు. మూత నువ్వు తీయకు.

మావయ్య