ఆయిల్ మూత తీస్తే పొగ వస్తోందా? ఇంజన్ దించే ముందు ఒక పాల కవర్ తెచ్చుకోండి

మీరడిగింది ఇదీ: 2004 మోడల్ పెట్రోల్ కారు, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ కొడుతోంది, కింద చుక్కలు పడుతున్నాయి, రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి పొగ కిందికి జారకుండా ఆపేవి) పోయాయి కాబట్టి ఇంజన్ దించాలని మెకానిక్ అంటున్నాడు. చేయించాలా, అమ్మేయాలా?

దించకండి. అమ్మకండి. ముందు బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి పొగ బయటికి పోయే పైపు దారి, చూడమనండి. చూడనంటే షెడ్డు మార్చండి.

నేను మెకానిక్‌ని కాను, బ్యాంకులో క్యాషియర్‌ని. కానీ ఇదే మాట విని మా ఇంట్లో ముప్పై రెండు వేలు పెట్టబోయి ఆఖరి నిమిషంలో ఆగాం. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం నోరెక్కువ.

రాజమండ్రిలో మా నాన్నగారికి 2003 మోడల్ ఎస్టీమ్ ఉంది. ఆయన రిటైరయిన లెక్కల మాస్టారు. ఇంటి నుంచి రైతుబజారు, అక్కణ్ణుంచి గుడి, మళ్లీ ఇల్లు. అంతా కలిపి మూడు కిలోమీటర్లు ఉండదు. "బండిని అపురూపంగా చూసుకుంటున్నాను, ఎక్కువ తిప్పను" అని ఆయన గర్వం. ఆ తిప్పకపోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చిందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

2023 వానాకాలం. అంతకు కొద్ది నెలల ముందే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకి పొడిగించుకున్నాం. ఆ ఫీజు సంగతి వేరే చెప్పుకోవాలి. అంతకుముందు 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో ఏకంగా 5,000 చేశారు. మూడు కిలోమీటర్లు తిరిగే బండికీ అంతే కట్టించుకున్నారు, మూడొందలు తిరిగే బండికీ అంతే. సరే, అది వదిలేద్దాం. డబ్బు కట్టిన బాధ ఇంకా తీరకముందే వాకిట్లో నల్ల మరకలు మొదలయ్యాయి. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచుల చుట్టూ నూనె కారుతోంది. ప్యాకింగ్ మార్పించాం. రెండు నెలల్లో మళ్లీ అదే. మళ్లీ మార్పించాం, ఈసారి మెకానిక్ సిలికాన్ పేస్టు దండిగా పూసి మరీ బిగించాడు. అప్పుడు లీకు అక్కడ ఆగి కింద క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజన్ ఇరుసు చుట్టూ నూనెని ఆపే రబ్బరు) దగ్గర మొదలైంది. ఎయిర్ ఫిల్టర్ అడుగంతా నూనెతో తడిసిపోయేది. అదీ మార్చాడు, రెండుసార్లు. నూనె అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

చివరికి ఆయిల్ మూత తీసి చూపించాడు. మూత లోపల తెల్లగా, పసుపు రంగు కలిసిన మీగడ. లోపలి నుంచి పొగ. "హెడ్ ప్యాకింగ్ పోయింది, నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి. రింగులు కూడా పోయాయి. ఇంజన్ దించాల్సిందే." ఇదంతా మా ఆయనకి చెబుతున్నాడు. అడుగుతున్నది నేను, డబ్బిచ్చేది నేను, జవాబు మాత్రం ఆయన మొహం చూసి. మా ఆయనకి టైరులో గాలి ఎంత ఉండాలో కూడా తెలియదు, పాపం తలూపుతూ నిలబడ్డారు. ఈ జబ్బు ఒక్క షెడ్డుది కాదు లెండి. ఆడవాళ్లు కారు తీసుకెళ్తే చాలామంది మెకానిక్‌లకి పక్కన మగవాడెవడా అని కళ్లు వెతుకుతాయి. నేను ఒక్కటే అడిగాను: "నీళ్లు కలుస్తుంటే రేడియేటర్‌లో నీళ్లు తగ్గాలి కదా?" నాన్నగారు ప్రతి ఆదివారం గీత పెట్టి మరీ చూస్తారు, ఒక్క చుక్క తగ్గలేదు. దానికి సమాధానం రాలేదు. "మీ ఇష్టం మేడమ్" అన్నాడు, అదీ మా ఆయన్ని చూస్తూనే.

మా వీధి చివర ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయిన మెకానిక్ ఒకాయన ఉంటారు. బాబాయ్ అంటాం. సాయంత్రం నాన్నగారితో కబుర్లకి వచ్చి ఇదంతా విని, చెప్పులు విడిచి బానెట్ ఎత్తారు. ఇంజన్ పావుగంట నడవనిచ్చి, ఆయిల్ మూత తీయించి, "అమ్మాయ్, ఒక ఖాళీ పాల కవర్ కడిగి పట్రా" అన్నారు. దాన్ని కత్తిరించి పలచగా పరిచి ఆ నోటి మీద పెట్టి, అంచులు వేళ్లతో నొక్కి పట్టారు. అది మెల్లగా ఉబ్బింది. నూనెలో వేసిన పూరీలాగా.

"చూశారా మాస్టారూ, ఇది లోపలికి లాగాలి. ఇది తోస్తోంది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది."

మా అమ్మ గుమ్మంలోంచి, "అంటే కుక్కర్ విజిల్ మూసుకుపోయినట్టా?" అంది.

బాబాయ్ ఒక్క క్షణం ఆగి, "అదేనమ్మా. విజిల్‌లో మెతుకు ఇరుక్కుంటే ఆవిరి రబ్బరు దగ్గర తన్నుకొస్తుంది. అప్పుడు రబ్బరు మారిస్తే ఏం లాభం?" అన్నారు. రెండుసార్లు ప్యాకింగ్ మార్చిన బిల్లులు నా బ్యాగులోనే ఉన్నాయి.

సంగతి ఇంతే. ఎంత కొత్త ఇంజన్ అయినా పిస్టన్ పక్కనుంచి కాస్త పొగ కిందికి జారుతుంది. అందులో కాలని పెట్రోలు ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి, చాలావరకు సైలెన్సర్‌లోంచే పోతాయి కానీ కొంత ఇటు చేరుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ తడి ఆవిరై, ట్యాపెట్ కవర్ నుంచి ఇన్‌టేక్‌కు వెళ్లే పైపులోంచి పీల్చబడి మళ్లీ కాలిపోతుంది. ఆ దారిలో ఎంత పీల్చాలో అదుపు చేసే పీసీవీ వాల్వ్ అని వేలెడంత ముక్క ఉంటుంది. మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ కాగేదెప్పుడు? తడి అక్కడే నిలిచి నూనెతో కలిసి మీగడ కడుతుంది, పైపులో పేరుకుంటుంది. అదీ ఆ "హెడ్ ప్యాకింగ్ పోయింది" కథ.

డిపోలో చేరిన కొత్తలో పాత బండ్లకి ఈ పైపు కిందికి వేలాడేదని, పొగ, నూనె తుంపర అన్నీ రోడ్డు మీదికే పోయేవని బాబాయ్ చెప్పారు. తర్వాత నేను చదివితే తెలిసింది, లాస్ ఏంజిలిస్ మీద కమ్మిన పొగ భరించలేక కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి 1961 మోడల్ నుంచి ఆ పొగని తిరిగి ఇంజన్‌లోకే పంపే ఏర్పాటు పెట్టారట. 1963కల్లా అమెరికా అంతటికీ వచ్చింది. అరవై ఏళ్ల పాత సంగతి. మన దగ్గర మాత్రం ఇప్పటికీ ఆ పైపు పీకి రోడ్డు మీదికి వదిలేసి "ఇంక ఫిల్టర్‌లోకి ఆయిల్ రాదు సార్" అనే మహానుభావులున్నారు. ఇంకొందరు ఏకంగా బోల్టు పెట్టి మూసేస్తారు. వాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

మర్నాడు ఆదివారం విప్పాం. అసలు దొంగ అప్పుడు దొరికాడు. ఇన్‌టేక్‌కు వెళ్లే పైపు వేలితో నొక్కితే నానిన సేమ్యాలా మెత్తగా చదునైపోయింది. బాబాయ్ దాన్ని తిప్పి చూసి, "ఇది దీని పైపు కాదు. హీటర్ నీళ్ల పైపు ముక్క" అన్నారు. నాన్నగారికి అప్పుడు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట విశాఖలో పెళ్లికి వెళ్తుంటే తుని దగ్గర ఏదో పైపు పగిలి, రోడ్డు పక్కన ఒకతను దొరికిన ముక్క తొడిగి పంపించాడు. నీళ్లకని చేసిన రబ్బరు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజన్ పీల్చినప్పుడల్లా అది లోపలికి ముడుచుకుపోయి దారి మూసేస్తోంది. ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లే రెండో పైపు మూతిలో గ్రీజులాంటి నల్ల ముద్ద, పెన్సిల్ దూరే సందు కూడా లేదు. వాల్వ్ ఊపితే గలగలమనాలి. మాది ఊపితే చప్పుడే లేదు, లోపల అతుక్కుపోయింది. ఒకవేళ గలగలమన్నా అది బాగుందని ఖాయం కాదట, చప్పుడు లేకపోతే మాత్రం పోయిందనే లెక్క.

శుభ్రం చేయడం పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలి. ట్యాపెట్ కవర్ విప్పి అడుగున చూస్తే నూనె తుంపర్లని ఆపే రేకు ఉంటుంది. దాని వెనకే అసలు మడ్డి అంతా. ఆ రేకు పీకకుండా, కవర్‌కున్న రబ్బర్లు తీసేసి మొత్తం డీజిల్లో నానబెట్టాం. కిరసనాయిలు ఎక్కడా దొరకలేదు. నానబెట్టింది మా అమ్మ ఆవకాయ కలిపే బేసిన్‌లో అని సాయంత్రానికి గానీ బయటపడలేదు. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది. రాత్రంతా నానాక సీసాలు కడిగే సన్నటి బ్రష్‌తో తోమి, గాలి కొట్టించి, ఆరబెట్టాం. ఇన్‌టేక్ వైపు రంధ్రాన్ని కార్బ్ క్లీనర్ స్ప్రేతో కడిగాం. వాల్వ్ కొత్తది, పైపులు నూనెకి ఆగేవి కొత్తవి, ప్యాకింగ్ కొత్తది. పాత సిలికాన్ పేస్టు గీకడానికే రెండు గంటలు పట్టింది. ఇంతింత పేస్టు ఎందుకు పూస్తారో! అందులో ఒక్క తునక లోపల పడి ఆయిల్ జల్లెడకి అడ్డం పడితే ఎవరిది బాధ్యత? కవర్ నట్లు కూడా బలమంతా పెట్టి బిగించకూడదు, అల్యూమినియం. బాబాయ్ పానాని రెండు వేళ్లతోనే తిప్పారు. ఆఖర్న ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చాం. ఇంత మడ్డి చేసిన పాత ఆయిల్‌ని మళ్లీ ఉంచితే చేసిందంతా దండగ.

ఎవరైనా "ఇంజన్ ఫ్లష్ కొట్టిద్దాం, లోపలంతా ఒకేసారి కరిగిపోతుంది" అంటే ఇంత పాత బండికి ఒప్పుకోకండి. కరిగిపోతే మంచిదే. కరగకుండా పెళ్లలుగా ఊడి ఆయిల్ దారికి అడ్డం పడితేనే ఇంజన్ పట్టేసేది.

స్టార్ట్ చేసి కాగనిచ్చి మళ్లీ పాల కవర్ పెట్టాం. ఈసారి లోపలికి గుంటపడి మూతికి అతుక్కుపోయింది. నాన్నగారు మూడుసార్లు తీసి పెట్టి చూసుకున్నారు. మొత్తం ఖర్చు 3,140 రూపాయలు, అందులో సగానికి పైగా ఆయిలు, ఫిల్టరుకే. బాబాయ్ డబ్బు తీసుకోలేదు, ఆవకాయ జాడీ తీసుకున్నారు.

అబద్ధం ఎందుకు, లీకు పూర్తిగా ఆగలేదు. ట్యాపెట్ కవర్ పొడిగానే ఉంది. క్రాంక్ సీల్ మాత్రం అన్నాళ్ల ఒత్తిడికి దెబ్బతింది కదా, రోజుకో చుక్క రాలుస్తుంది. కింద అట్టముక్క వేశాం. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అది ఎప్పుడు దించితే అప్పుడు మారుస్తాం.

మీ పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఇంజన్ స్లోలో ఉండాలి, చున్నీ, చేతులు బెల్టుకి దూరంగా ఉండాలి, తెల్ల బట్టలతో నిలబడొద్దు, చిందుతుంది. కవర్ ఉబ్బితే పైపులు, వాల్వ్ సంగతి చూడండి. అవన్నీ శుభ్రం చేశాక కూడా ఉబ్బుతూ, యాక్సిలరేటర్ తొక్కితే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంటే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. కానీ నోటిమాటతో కాదు, గేజ్ పెట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూపించమనండి. నన్నడిగితే పాత బండ్ల ఆయిల్ లీకుల్లో సగం ఈ పైపు పాపమే. లెక్కలేవని అడగకండి, మా ఇంటిది, మా తమ్ముడి ఆల్టో, మా బ్రాంచ్ ప్యూన్ గారి ఓమ్నీ, ఇవే నా లెక్కలు. మూడింటికి మూడూ ఇదే.

వాల్వ్ కొనడానికి వెళ్లేటప్పుడు ఛాసిస్ నంబరు రాసుకుని, పాతదాన్ని కూడా జేబులో వేసుకెళ్లండి. మాకు మొదటిసారి కౌంటర్‌లో వేరే మోడల్‌ది ఇచ్చి పంపారు.